మైపాడులో ఫోన్లకు మూత పెట్టిన మధ్యాహ్నం

ఈ ప్రయాణానికి మూలం మా ఇంట్లో చేసుకున్న సత్యనారాయణ వ్రతం. కార్తీకంలో ఒక ఆదివారం నేనూ మా ఆయన రఘూ పీటల మీద కూర్చున్నాం. మూడో కథ నడుస్తోంది. ఉత్తరీయం కప్పుకున్న వైపు చెవిలో మా ఆయన చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉన్నాడని నాకు తెలియదు. ఒక పక్క అక్షతలు వేస్తూ, ఇంకో పక్క ఆఫీసు మీటింగ్ వింటున్నాడు. ఆదివారం మీటింగేమిటని అడగకండి, మా ఇంట్లో ఆ ప్రశ్న మానేసి మూడేళ్లయింది. ఎక్కడో వేలు తగిలి మ్యూట్ పోయినట్టుంది, షావుకారు పడవలో బయల్దేరిన ఘట్టమంతా అవతల పదిహేనుమందికి వినిపించింది. వాళ్ల మేనేజరు ఏదో అడిగితే ఈయన పీటల మీద నుంచే గట్టిగా "యస్, అగ్రీ" అన్నాడు. పంతులుగారు తననే మెచ్చుకున్నారనుకుని ఇంకాస్త గొంతు పెంచారు. వచ్చిన చుట్టాలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నేనేమీ తక్కువ తినలేదు. ఒక కంపెనీలో జీతాల విభాగంలో పనిచేస్తాను, ఎక్కువ రోజులు ఇంటి నుంచే. పోపు వేస్తూ మెయిల్ చూస్తాను, స్నానాల గదిలోకి కూడా ఫోన్ పట్టుకెళ్తాను. అయినా ఆ రోజు పట్టుదల వచ్చింది. మా అమ్మ ఇచ్చిన పాత స్టీలు క్యారియర్ దించి, భోజనానికి కూర్చునే ముందు ఇంట్లో ఎవరి ఫోనైనా సరే పై గిన్నెలో పడాల్సిందేనని శాసనం చేశాను. గలగలలాడకుండా తువ్వాలులో చుట్టి, మూత పెట్టి, క్లిప్పు బిగించేదాన్ని. అది చూసి మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండు ఇళ్లవాళ్లు కూడా మొదలుపెట్టారు. నాకు కాస్త తలకెక్కిన మాట నిజం. నెల తిరక్కుండానే ఇద్దరం రెండు రోజులు సెలవు పెట్టి, ఎక్కడైనా సముద్రం ఒడ్డున పనిని పూర్తిగా మరచిపోయి వద్దామనుకున్నాం. జనం తక్కువగా ఉండే చోటు కావాలన్నాను. మా ఆఫీసులో ఒకామెది నెల్లూరు. మైపాడు వెళ్లమనీ, కారు తిప్పే పెంచలయ్యకు తను చెబుతాననీ అంది.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతాను. సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి నెల్లూరు. థర్డ్ ఏసీలో మనిషికి వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ అవుతుంది. మేం దిగేసరికి ఆరు కావస్తోంది. స్టేషన్‌కు దగ్గరలోనే లాడ్జిలో గది తీసుకుని, స్నానాలు చేసి, వీధి చివర కారం దోశలు తిన్నాం. నెల్లూరు కారం దోశ సంగతి తెలియనివాళ్లు రెండోది చెప్పే ముందు ఒక గ్లాసు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. అక్కడి నుంచి మైపాడుకు ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్ల లోపే. నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి, గంట పడుతుంది, ఖర్చు చాలా తక్కువ. మేం రోజంతా ఉండేలా కారు మాట్లాడుకున్నాం, రెండు వేల ఐదు వందలు. మా ఫోన్లు రెండూ గదిలోనే ఆపేసి క్యారియర్‌లో పడేసి, ఆ క్యారియర్‌ను సంచిలో పెట్టుకుని దిగాం. అందుకే ఈ వ్యాసంలో ఒక్క ఫోటో కూడా లేదు.

పెంచలయ్య ఏడున్నరకల్లా వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, మెత్తగా మాట్లాడతాడు. కారు తనదే, పాతదైనా శుభ్రంగా ఉంచుకున్నాడు. ఊరు దాటగానే రెండు వైపులా వరి మళ్లు, ఇందుకూరుపేట దాటాక మళ్లు తగ్గి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. ఆ గుంటల్లో తెల్లటి రెక్కల చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. అవేమిటని రఘు అడిగితే, ఏరియేటర్లని చెప్పాడు. రొయ్య నీళ్లలో ఉన్నా దానికీ గాలి కావాలట, ఆ చక్రాలు నీళ్లను చిలికి గాలి కలుపుతాయట. కారు ముందు అద్దం దగ్గర బిగించిన ఆయన ఫోను అప్పటికే రెండుసార్లు మోగింది. మామూలు మోత కాదు, అంబులెన్సు కూతలా ఉంది. మోగినప్పుడల్లా కారు పక్కకు ఆపి, చూసి, ఏదో నొక్కి, మళ్లీ బయల్దేరేవాడు. ఎవరని అడిగాను.

"గుంట కాడి నుంచమ్మా. పొద్దున్నించి మబ్బు గదా, కరెంటు ఊగులాడతా ఉండాది" అన్నాడు.

తనకూ రెండెకరాల గుంట ఉందని అప్పుడు చెప్పాడు. అంతకు ముందు ఏడేళ్లు చెన్నైలో ట్యాక్సీ తోలాడట. పెళ్లాం పిల్లలు ఇక్కడ, తను అక్కడ. ఎలాగైనా సొంతూళ్లో బతకాలని తిరిగొచ్చి గుంట మొదలుపెట్టాడు. కిందటి పంట తెల్లమచ్చ రోగానికి మొత్తం పోయింది. ఇప్పటి పంటకు ఎనభై ఐదు రోజులు, ఇంకో వారంలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మేయడం. ఇది చేతికొస్తే గుంట నిలుస్తుంది, లేకపోతే మళ్లీ కారేసుకుని చెన్నై పోవడమే. ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పాడు. నేను విన్నాను, అయ్యో అన్నాను. ఆ ఫోను సంగతి మాత్రం ఇంకేమీ అడగలేదు. గుంట దగ్గర ఎవరో జీతగాడు ఉండి మాటిమాటికీ ఫోన్ చేస్తున్నాడనుకున్నాను. నా కళ్లకు ఆయన కూడా పీటల మీద మా ఆయనలాగే కనిపించాడు. పాపం, ఈయన్నీ పట్టేసిందన్నమాట అని రఘుతో గొణిగాను కూడా.

ఎనిమిదిన్నరకు సముద్రం దగ్గరున్నాం. ఒడ్డు విశాలంగా, ఇసుక శుభ్రంగా ఉంది. మబ్బు వల్ల నీళ్లు సీసం రంగులో ఉన్నాయి. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక పెద్దాయన పడవ చాటున కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. ఈ రోజు వేటకు వెళ్లలేదా అని అడిగితే, సముద్రంలోకి పోవద్దని ఫోనుకు మెసేజి వచ్చిందన్నాడు. ఫోను వద్దంటే కూర్చున్నామని ఆయన అంత తాపీగా చెబుతుంటే నాకు అసూయ కలిగింది. నా ఫోను పన్నెండేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఈ రోజు పనికి పోవద్దమ్మా అని చెప్పిన పాపాన పోలేదు. మూడు గంటలు ఇసుకలో నడిచాం. రఘు జేబు తడుముకోవడం మొదట పది నిమిషాలకోసారి, తర్వాత అరగంటకోసారి, ఆ తర్వాత మానేశాడు. పెళ్లయిన కొత్తలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. నా శాసనం ఫలించిందని మురిసిపోయాను. ఒడ్డున లోతు గబుక్కున మారుతుంది, అలల జోరూ ఎక్కువే కాబట్టి మోకాళ్లు దాటి దిగకండి.

భోజనం పెంచలయ్య అక్క రమణమ్మగారి ఇంట్లో. మైపాడుకు కొంచెం ఇవతల చిన్న పల్లె. ముందురోజు చెబితే వచ్చినవాళ్లకు వండిపెడుతుంది, మనిషికి రెండు వందల యాభై. పన్నెండున్నర దాటాక వెళ్లాం. అప్పుడే వాన పట్టుకుంది. రేకుల ఇల్లు, పైన వాన చప్పుడుకు పక్కవాళ్ల మాట కూడా గట్టిగా అంటే తప్ప వినపడదు. బొమ్మిడాయిల పులుసు, వేడన్నం, గోంగూర పప్పు, రొయ్యల ఇగురు. రొయ్యలు పెంచలయ్య గుంటవేనట. ఎంత పెరిగాయో చూడటానికి పొద్దున వల వేసినప్పుడు పడ్డవి కొన్ని అక్కకు ఇచ్చి వచ్చాడు. ఆయన్నీ మాతోపాటు కూర్చోమన్నాం. మొహమాటపడుతూనే కూర్చుని, ఫోన్‌ను విస్తరి పక్కనే పెట్టుకున్నాడు.

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

నేను సంచిలోంచి క్యారియర్ తీశాను. మా ఇంటి పద్ధతి చెప్పాను. అన్నం ముందు కూర్చున్నాక ఫోను కనిపించకూడదన్నాను. మా వ్రతం కథ చెబితే రమణమ్మగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. పెంచలయ్య నవ్వుతూనే, తనది మాత్రం బయట ఉండనివ్వమన్నాడు, గుంట నుంచి ఫోను వస్తుందన్నాడు. నాకు అప్పుడు పూనకం వచ్చినట్టుంది. పనికేం, చచ్చేదాకా ఉంటుంది, అరగంటలో ఏం మునిగిపోతుందని అన్నాను. సరిగ్గా ఈ మాటే అన్నాను. రమణమ్మగారు నా వైపు వచ్చేసింది.

"మంచి మాట చెప్పినావమ్మా. నోట్లో ముద్ద పెట్టుకుంటా గూడా దాన్నే చూస్తా ఉంటాడు. ఇయ్యరా, ఆ యమ్మ అంతగా అడగతా ఉంటే" అంది.

ఇంటికొచ్చిన మనిషి అడిగింది, అన్నం పెట్టే అక్క చెప్పింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వంక ఒకసారి చూశాడు. కరెంటు ఉంది కదా అని తనకు తాను చెప్పుకున్నట్టు తలూపి ఫోను నా చేతికిచ్చాడు. నేను తువ్వాలులో చుట్టి, మా రెండు ఫోన్ల పక్కన పెట్టి, మూత వేసి, క్లిప్పు బిగించి, క్యారియర్‌ను తలుపు దగ్గర సంచిలో పెట్టాను. ఆ తర్వాత ముక్కాలు గంట హాయిగా తిన్నాం. పెంచలయ్య చెన్నై కబుర్లు చెప్పాడు. ఇగురు ఇంకాస్త వేయించుకున్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మజ్జిగ పోస్తుండగా ఒకతను మోటారు సైకిలు వాకిట్లోనే పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. పక్క గుంట రైతు శీనయ్య అని తర్వాత తెలిసింది. రొప్పుతూ నిలబడి, "రొయ్య తేలింది అన్నా. కొంగలు దిగి తింటా ఉండాయి. ఫోను ఎత్తవేంది?" అన్నాడు.

పెంచలయ్య ఎంగిలి చేత్తోనే లేచాడు. ఫోనేదని ఎవరూ అనకముందే నేను సంచి దగ్గరకు వెళ్లాను. క్లిప్పు నాకు ఊడలేదు. రఘు లాగి తీశాడు. తువ్వాలు విప్పుతుంటే శీనయ్య నా చేతుల వంకే చూస్తూ, "క్యారియర్‌లో ఫోనేందన్నా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు. ఫోను మీద పదకొండు మిస్‌డ్ కాల్స్ ఉన్నాయి. రెండు శీనయ్యవి, మిగతావన్నీ ఒకే పేరు మీద. గుంట అని రాసి ఉంది.

మనిషి పేరు కాదది. గుంట దగ్గర జీతగాడెవరూ లేడు. అక్కడి మోటార్ల పెట్టెలో సిమ్ కార్డు వేసిన చిన్న యంత్రం ఉందట. కరెంటులో తేడా వచ్చి చక్రాలు ఆగిపోతే అదే ఫోన్ చేస్తుంది. పెంచలయ్య చూసుకుని, మోటార్లు తిరిగి వేయడానికి ఫోన్‌లోనే నొక్కుతాడు. అలా కుదరకపోతే శీనయ్యకు చెబితే అతను వెళ్లి జనరేటర్ వేస్తాడు. శీనయ్య గుంట నుంచి అలాంటి ఫోను వస్తే ఈయన వెళ్లి వేస్తాడు. ఆ చుట్టుపక్కల రైతులు ఒకరికొకరు అలా ఒప్పుకుని, ఒకరి గుంటను ఇంకొకరు కాసుకుంటున్నారు. ఇదంతా కారులో వెళ్తుంటే రఘుకు శీనయ్య చెప్పాడు. మూడు ఫేజుల కరెంటులో ఒక్క ఫేజు పోయిందట. ఇంట్లో ఫ్యానుకు ఒకటి చాలు, గుంటలో మోటార్లకు మూడూ కావాలి. అందుకే పైన ఫ్యాను తిరుగుతూ ఉండగానే అక్కడ చక్రాలన్నీ ఆగిపోయాయి.

గుంట కిలోమీటరు దూరం. ఆ బురద గట్టు మీద కారు ఎలా పోనిచ్చాడో తెలియదు. దిగేసరికి ముందు నాకు కనిపించింది నిశ్శబ్దంగా నిలిచిపోయిన చక్రాలు. చుట్టూ అన్ని గుంటల్లోనూ జనరేటర్లు వేసుకున్నారు, నీళ్లు చిమ్ముతున్నాయి. ఈ ఒక్కటే వాన చుక్కలు తప్ప కదలిక లేకుండా ఉంది. దగ్గరకు వెళ్లి చూస్తే కదలిక ఉంది. గట్టు అంచు పొడవునా వేల రొయ్యలు నీటి పైకొచ్చి, మీసాలు గాల్లోకి చాచి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కొంగలు మేం వచ్చినా భయపడి లేవలేదు. ఇందాక నా విస్తట్లో ఉన్నవి వీటి తోడబుట్టినవే.

మా దగ్గరకు రాకముందే శీనయ్య ఒక్కడే జనరేటర్ తిప్పి చూస్తే అందుకోలేదట. పెంచలయ్య హ్యాండిల్ పట్టి తిప్పాడు. రెండుసార్లు అందుకోలేదు. మూడోసారి శీనయ్య కూడా చెయ్యి వేస్తే అందుకుంది. చక్రాలు ఒక్కొక్కటిగా తిరగడం మొదలుపెట్టాయి. శీనయ్య తన షెడ్డు నుంచి ఆక్సిజన్ మాత్రల డబ్బాలు తెచ్చి గుప్పిళ్లతో విసిరాడు. వెనకే ఆటోలో వచ్చిన రమణమ్మగారు చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, బేసినుతో నీళ్లు ఎత్తి పోయడం మొదలుపెట్టింది. నేనూ దిగాను. నడుం లోతు. రఘు చెక్క పలకతో, నేను మేత కలిపే తొట్టెతో నీళ్లను కొట్టాం. ఎంతసేపు కొట్టామో తెలియదు. కాళ్లకు తగిలి మెత్తగా జారిపోతున్నవి బతికినవో చచ్చినవో తెలియలేదు. భుజాలు లాగేస్తున్నా ఆపబుద్ధి కాలేదు, ఆపితే నిలబడి ఆలోచించాల్సి వస్తుంది.

మూడు దాటేసరికి పైకి వచ్చినవి చాలావరకు కిందికి వెళ్లిపోయాయి. బతికిపోయాయనుకుని నేను పెంచలయ్య వైపు ఆశగా చూశాను. ఆయన గట్టు మీద నుంచి తాడు లాగాడు. మేత తిన్నాయో లేదో చూడటానికి అడుగున పెట్టే చెక్ ట్రే అది. పైకి వచ్చేసరికి దాని నిండా తెల్లబడిన రొయ్యలు. ఇంకో మూల ట్రే లాగాడు, అందులోనూ అంతే. చచ్చిన రొయ్య తేలదట, మునుగుతుంది. అందుకే పైనుంచి చూస్తే గుంట మామూలుగా ఉంది. ఆయన రెండో ట్రేను మెల్లగా నీళ్లలోకి వదిలి, చేతులు కడుక్కుని, కొనేవాళ్లకు ఫోన్ చేశాడు. తెల్లవారుజామునే పట్టుబడి పెట్టుకుంటామని, మిగిలినవైనా తీసుకెళ్లమని చెప్పాడు. మిగిలినవి ఎన్నో శీనయ్యను అడిగాను. సగానికి సగం ఉంటే అదృష్టమన్నాడు.

రమణమ్మగారు గట్టు మీద కూలబడి, తానే ఇమ్మన్నానని తల కొట్టుకుంటోంది. ఏడవాల్సింది నేను. పెంచలయ్య కాళ్లు పట్టుకోబోయాను, వెనక్కు జరిగాడు. జరిగిన నష్టానికి మేం ఎంతోకొంత ఇస్తామని రఘు అంటే తల అడ్డంగా ఊపాడు. తిట్టినా బాగుండేది. నేనే ఉండబట్టలేక, మీరు పనిలో పడి కొట్టుకుపోతున్నారనుకున్నానండీ, ఒక్క అరగంట ప్రశాంతంగా తింటారని తీసుకున్నాను అన్నాను. ఆయన చక్రాల వైపు తిరిగాడు.

"ఈ ఫోను లేనప్పుడు రెండేళ్లు ఈ గట్టు మిందనే పండుకున్నానమ్మా. ఎండయినా వానయినా ఈడే. మా ఆడమనిషి క్యారియర్ తెస్తే ఈడే తినేవోణ్ణి. మా యక్క ఇంట్లో కూసోని అన్నం తినేది ఇది వచ్చినాకనే" అన్నాడు. మళ్లీ తనే, "మీకు తెలవదు గదమ్మా. తెలిసుంటే తీసుకోరు. నేనన్నా గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు.

ఆ చివరి మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. తప్పులో సగం తను తీసుకున్నాడు.

ఆయన గుంట వదిలి కదలలేడు కాబట్టి శీనయ్య మమ్మల్ని ఆ కారులోనే మైపాడు రోడ్డు దాకా దింపాడు. అక్కడ ఆరు లోపు బస్సు దొరికింది. మాట్లాడుకున్న అద్దె మాత్రం పెంచలయ్య తీసుకున్నాడు, అదీ సాయంత్రం తను దింపలేదని ఐదు వందలు తగ్గించి. రెండో రోజు మేం మళ్లీ సముద్రం వైపు వెళ్లలేకపోయాం. బురద బట్టలు ఉతికి ఆరేసుకుని, లాడ్జి గదిలో కూర్చుని, సాయంత్రం రైలు కోసం ఎదురుచూశాం. అప్పుడు గుర్తొచ్చి నా ఫోన్ వెలిగించాను. ఒకటిన్నర రోజు ఆపి ఉంచిన ఫోను. ఎన్ని కాల్స్ వచ్చి ఉంటాయో, ఎంత పని ఆగిపోయి ఉంటుందోనని భయపడుతూ చూశాను. ఆఫీసు నుంచి ఒక్క కాల్ లేదు. ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ముప్ఫై ఆరు, క్యాంటీన్‌లో టిఫిన్ రుచి ఎలా ఉందో చెప్పమని ఒక ఫారం. రఘుది కూడా దాదాపు అంతే. మ్యూట్ పెట్టుకుని పీటల మీద కూర్చునేంత, పోపు మాడ్చుకునేంత అత్యవసరం అన్నేళ్లుగా ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇది చదివి, ఫోనే దేవుడని నేను మారిపోయానని అనుకోకండి. పెంచలయ్యకు అది సెలవు తెచ్చిన మాట నిజమే, ముద్ద ముద్దకూ ఉలిక్కిపడేలా చేసిందీ అదే. ఆయన ఆ రోజు మాతో నవ్విన ముక్కాలు గంటే బహుశా ఏళ్ల తర్వాత నిశ్చింతగా తిన్న భోజనం. దానికి ఎంత ఖరీదు కట్టాడో నేను కళ్లారా చూశాను. నన్ను దిగ్భ్రాంతికి గురిచేసింది ఫోను కాదు, నా ధీమా. పని వేరు, విశ్రాంతి వేరు అని మధ్యలో గీత గీసే హక్కు నాకుందనుకున్నాను. నా బతుకులో గీసుకుంటే సరిపోయేది. ఎదుటి మనిషి పని ఏమిటో, అది ఎవరి ఊపిరి మీద ఆధారపడి ఉందో అడగకుండా, ఆయన విస్తరి పక్కన కూడా నేనే గీశాను. మంచి చేస్తున్నాననే నమ్మకంతో చేశాను కాబట్టి నన్ను ఆపడం ఎవరికీ చేతకాలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మైపాడు మంచి చోటు, వాన రోజుల్లో కాకుండా సంక్రాంతి దాటాక వెళ్తే ఎండా గాలీ హాయిగా ఉంటాయి. కారు మాట్లాడుకున్నాక, ఆయన ఫోను మోగితే విసుక్కోకుండా ఎవరు చేస్తున్నారో ముందు అడగండి, జవాబు పూర్తిగా వినండి. ఇక, బాగా తీసుకెళ్లే డ్రైవరు నంబరు ఇమ్మని చాలామంది అడుగుతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. పెంచలయ్య నంబరు మీకు పనికిరాదు. మూడు వారాల తర్వాత ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. వెనక హారన్ల మోత, తమిళంలో ఎవరో దారి చెబుతున్నారు. చెన్నైలో ఉన్నానమ్మా, బండిలో మనుషులుండారు, తర్వాత చేస్తానన్నాడు.